మంగళవారం అని అరిచిన వేసవి

మా నాన్న గొంతు మా ఊళ్ళో అందరికీ తెలుసు. ముఖం ఎరగనివాళ్ళు కూడా గొంతు గుర్తుపట్టేవారు. బేస్‌బాల్ మైదానంలో మూడో బేస్ వెనక బెంచీల మీద కూర్చుని ఆయన అంపైర్‌ని ఒక్క మాట అంటే, నది మీద పోయే బొగ్గు పడవలవాళ్ళు కూడా నవ్వేవారట. ఆ 'ట' మా నాన్న కలిపిందే అయ్యుంటుంది. ఒకసారి మాత్రం ఒక అంపైర్ ఆట ఆపి, కంచె దగ్గరకొచ్చి, "అయ్యా, మీ కళ్ళజోడు ఒకసారి ఇప్పించండి, మీకంత బాగా ఎలా కనిపిస్తోందో చూస్తాను" అని అడగడం నేను కళ్ళారా చూశాను. నాన్న ఇచ్చాడు. ఆ అంపైర్ ఆ ఇన్నింగ్స్ అంతా నాన్న జోడుతోనే నడిపాడు.

అలాంటి మనిషికి పందొమ్మిది వందల యాభై ఒకటి ఫిబ్రవరిలో పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది. వసంతం వచ్చేసరికి కుడిచెయ్యి కాస్త స్వాధీనంలోకి వచ్చింది. కాలు ఈడ్చుకుంటూ నడిచేవాడు. మాట మాత్రం రాలేదు. అసలు రాలేదనడానికీ లేదు, ఒక్కటొచ్చింది. 'మంగళవారం.' ఉప్పు కావాలన్నా మంగళవారమే, బూట్లు కావాలన్నా మంగళవారమే, అమ్మ మీద కోపమొచ్చినా మంగళవారమే. పోనీ జబ్బు చేసింది ఆ రోజున కూడా కాదు, గురువారం. ఆ మాటే ఎందుకు మిగిలిందో డాక్టరుకీ తెలియదు.

మాటలన్నీ లోపలే ఉన్నాయి, తలుపే బిగుసుకుపోయింది, అన్నాడు డాక్టరు. ఎప్పుడు తెరుచుకుంటుందో, దేనికి తెరుచుకుంటుందో ఎవరూ చెప్పలేరన్నాడు. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి నాతో ఇంకో మాట చెప్పాడు. ఇలాంటివాళ్ళు నలుగురిలో సిగ్గుపడి ప్రయత్నం మానేస్తే మాత్రం ఇక అంతేనట. ఆ మాట నా గుండెల్లో మేకులా దిగబడింది.

మాది ఒహాయో నది ఒడ్డున పింగాణీ ఊరు. నాన్న బట్టీల దగ్గర పనిచేసేవాడు, నేను కప్పుల అంచులకి బంగారు గీత గీసేదాన్ని. మా జట్టు పేరు జిగ్గర్స్. పళ్ళేలు ఒత్తే పనివాళ్ళని మా ఊళ్ళో అలా పిలుస్తారు. చిన్న లీగులో చిన్న జట్టు. దాన్ని చిన్నదని బయటివాడెవడైనా అంటే మాత్రం ఊరుకోం.

సీజన్ మొదలయ్యే ముందు రోజు వంటింట్లో అమ్మతో అన్నాను, నాన్నని ఆటకి తీసుకెళ్తానని. అమ్మ బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. చెయ్యి ఆపలేదు.

"వద్దు డెల్లా. ఆ గొంతుకి అలవాటుపడ్డవాళ్ళ మధ్య ఈ గొంతుతో కూర్చోబెడతావా మీ నాన్నని? నవ్వులపాలు చెయ్యడానికా?"

"ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటే వస్తుందా మాట?"

"రాకపోతే పోయింది. పరువుతోనన్నా ఉంటాడు."

అప్పుడే వెనక నుంచి "మంగళవారం" అని వినపడింది. చూస్తే నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు, జిగ్గర్స్ టోపీ పెట్టుకుని. తిరగేసి పెట్టుకున్నాడు పాపం. పద పోదాం అనడానికి అంతకంటే మాటలేం కావాలి. అమ్మ దుంపలు వదిలేసి వెళ్ళి టోపీ సరిచేసింది. తను మాత్రం రానంది. పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో అమ్మ ఎప్పుడూ ఆ మైదానంలో అడుగు పెట్టలేదు. వేసవిలో మొగుణ్ణి ఎత్తుకుపోయే చోటు అని ఆవిడకి దాని మీద పాత కసి.

మా బెంచీల సంగతి చెప్పాలి. మా నాన్న చిన్నప్పుడు పాత చెక్క స్టాండు తగలబడిపోతే, ఊరివాళ్ళు కార్ఖానాల్లో పచ్చి పళ్ళేలు ఆరబెట్టే పలకలు మోసుకొచ్చి బెంచీలు చేసుకున్నారు. ఇప్పటికీ వాటి మీద పళ్ళేల గుండ్రటి మరకలు కనిపిస్తాయి. ఎవరి మరక వాళ్ళది. నాన్న లేని రోజున నాన్న మరక మీద ఎవరూ కూర్చోరు. ఆ రోజు వెళ్ళేసరికి చుట్టూ బెంచీలన్నీ కిక్కిరిసి ఉన్నాయి, ఆ చోటు మాత్రం ఖాళీగా ఉంది. అందరూ కాస్త జరిగి దారిచ్చారు.

ప్రతి ఏడూ మొదటి ఆటనాడు నాన్న నాకు ఒకటే కథ చెప్పేవాడు. వాళ్ళ తాత కాలంలో పిచర్ బంతిని చెయ్యి కిందకి ఉంచి విసిరేవాడనీ, బ్యాటర్ తనకి ఎక్కడ కావాలో అడిగి మరీ వేయించుకునేవాడనీ, ఆట చూడ్డానికి జనం పడవలెక్కి వచ్చి ఒడ్డున మంటలు వేసుకుని పడుకునేవారనీ. ఈసారి ఆయన చెప్పలేడు కాబట్టి నేనే ఆయనకి చెప్పడం మొదలుపెట్టాను. బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ చేతికి తొడుగు వేసుకునేవాడని అన్నాను. నాన్న వెంటనే తన ఉత్త అరచెయ్యి నా ముఖం ముందు పెట్టి "మంగళవారం" అన్నాడు, కసిరినట్టు. తొడుగు లేదూ ఏమీ లేదు, ఉత్త చేతులే అని. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

మూడో ఇన్నింగ్స్‌లో మా కుర్రవాడు దుమ్ము రేపుకుంటూ జారి, బంతి చేరకముందే రెండో బేస్ మీద కాలు పెట్టాడు. అంపైర్ అవుటన్నాడు. గుడ్డివాడికి కూడా కనిపించే తప్పు. బెంచీలన్నీ నోరు తెరిచి, మళ్ళీ ఆగిపోయాయి. ఇలాంటప్పుడు మొదటి మాట ఎవరిదో అందరికీ తెలుసు. అలవాటుకొద్దీ ఆగారు, ఆగాక గుర్తొచ్చింది. నాన్న నా భుజం ఆసరాగా లేచి నిలబడ్డాడు. ఊపిరి పీల్చుకున్నాడు.

"మంగళవారం!"

అదే గొంతు. స్టాండు చివరిదాకా పోయి తిరిగొచ్చే గొంతు. మాటొక్కటే వేరు. ఎక్కడో ఒకడు కిసుక్కుమన్నాడు. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. డాక్టరు చెప్పింది నాకు గుర్తొచ్చింది.

కింద మొదటి వరసలో మిసెస్ స్టాడ్లర్ కూర్చుంటుంది. డెబ్బై దాటిన మనిషి. ఆవు మెడలో కట్టే గంట ఒకటి ఎప్పుడూ ఒళ్ళో ఉంటుంది. ఆ బెంచీలకి పోలీసూ ఆవిడే, జడ్జీ ఆవిడే. ఆవిడ మెల్లిగా లేచింది. గంట రెండుసార్లు మోగించి, అంపైర్ వైపు తిరిగి, గొంతు చించుకుని అరిచింది.

"విన్నావా? మంగళవారం అంటున్నాడు!"

అంతే. ఆవిడ వరస అందుకుంది, దాని వెనక వరస అందుకుంది, ఆఖరికి ఎదురు స్టాండువాళ్ళు కూడా. మంగళవారం, మంగళవారం. పై ఊరి ఆటగాళ్ళు ఇదేం తిట్టో అర్థంకాక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అంపైర్ అటూ ఇటూ చూసి, ఎందుకైనా మంచిదని తన టోపీ సవరించుకున్నాడు. నాన్న కూర్చున్నాడు. ఒక మనిషి దగ్గర ఒక్క మాటే మిగిలితే, ఊరంతా తమ మాటలు పక్కన పెట్టి ఆ ఒక్కటే మాట్లాడింది.

జూన్ అంతా అదే. మేం వెళ్ళని రోజున కూడా బెంచీలు మంగళవారం అనే అరుస్తున్నాయని విన్నాం. జూలైలో అది మైదానం దాటి వీధిలోకొచ్చింది. రొట్టె మాడిపోతే మంగళవారం, కార్ఖానాలో మేస్త్రీ గదమాయిస్తే అతను వెళ్ళాక మంగళవారం. నాన్న మాత్రం అంతకు మించి ఒక్క అక్షరం పలకలేదు. రాత్రి భోజనాల దగ్గర నేను చెంచా చూపించి అడిగితే, పెదవులు కదిపి, చెమటలు పట్టి, ఆఖరికి తల దించుకునేవాడు.

ఈ గోలంతా అమ్మకి తెలియదు. ఒకరోజు మాంసం కొట్లో ఎవరో తూకం చూసి "మంగళవారం" అన్నారట, కొట్లో వాళ్ళంతా నవ్వారట. అమ్మ మాంసం అక్కడే వదిలేసి ఇంటికొచ్చింది. ముఖం కందగడ్డలా ఉంది.

"నీకు ముందే చెప్పాను," అంది. "ఊరందరికీ ఆటబొమ్మ అయిపోయాడు మీ నాన్న."

అది వెక్కిరింపు కాదని ఎంత చెప్పినా వినలేదు. సరే, ఎవరెవరు వెక్కిరిస్తున్నారో తనే వచ్చి చూసి, ఒక్కొక్కరి సంగతీ తేలుస్తానంది. ఆగస్టులో ఒక శనివారం, చర్చికి వేసుకెళ్ళే టోపీ పెట్టుకుని, చేతిసంచీ ఒళ్ళో గట్టిగా పట్టుకుని, మా నాన్నకీ నాకూ మధ్య వచ్చి కూర్చుంది. పోట్లాటకే వచ్చింది ఆవిడ.

ఆ రోజు బంతి వేస్తున్నది క్రెంజ్. వయసు ముప్ఫై అయిదు దాటింది. పెద్ద లీగు గుమ్మం దాకా వెళ్ళి, లోపల అడుగు పెట్టకుండానే వెనక్కొచ్చిన పిచర్. భుజం పాడైపోయింది. ఈ సీజన్‌తో సరి, ఆ తర్వాత బావమరిది పాలవ్యాపారంలో చేరతానని అందరికీ చెప్పేశాడు.

రెండో ఇన్నింగ్స్‌లో అంపైర్ ఒక తప్పు చేశాడు. నాన్న లేచాడు. అమ్మ ఆయన కోటు పట్టుకుని లాగింది, ఆయన వినలేదు. "మంగళవారం!" వెనకాలే గంట మోగింది, వెంటనే మూడు వేల గొంతులు కలిశాయి. అమ్మ చుట్టూ చూసింది. ఒక్కరూ మా వైపు చూడ్డం లేదు, ఒక్కరూ నవ్వడం లేదు. అందరి కోపమూ అంపైర్ మీదే. అమ్మ సంచీ మీద చెయ్యి వదులైంది. కాసేపటికి, "వీళ్ళంతా నిజంగానే అంటున్నారే," అని మెల్లిగా అంది.

అయిదో ఇన్నింగ్స్ దాటాక బెంచీల మీద మాటలు తగ్గాయి. ఆరో ఇన్నింగ్స్‌లో వేరుశనగలమ్మేవాడు కేక మానేసి వేలితో చూపిస్తూ అమ్మడం మొదలుపెట్టాడు. అప్పుడు గమనించాను. బోర్డు మీద అవతలివాళ్ళ వరసలో హిట్ల దగ్గర సున్నా. క్రెంజ్ వేసిన బంతిని కొట్టి ఒక్కడూ క్షేమంగా మొదటి బేస్ చేరలేదు. ఆటలో ఉన్న తొమ్మిది ఇన్నింగ్సూ అలా గడిస్తే అది పిచర్ జన్మకి ఒక్కసారి, చాలామందికి ఆ ఒక్కసారీ ఉండదు. అలా జరుగుతున్నంతసేపూ ఆ సంగతి ఎవరూ పైకి అనకూడదు. అంటే పోతుంది. ఎవరు పెట్టారీ నియమం అంటే చెప్పలేం, తాతల నాటి నుంచీ ఉంది. ఒకప్పుడు కుట్టుమిషన్ల ఏజెంటు ఒకడు ఎనిమిదో ఇన్నింగ్స్‌లో లేచి ఆ మాట గట్టిగా అన్నాడు. తర్వాతి బంతికే హిట్. మిసెస్ స్టాడ్లర్ తన నిమ్మరసమంతా అతని టోపీలో పోసి, టోపీ అతని చేతికిచ్చి, గేటు చూపించింది. ఈ రోజుకీ మా ఊళ్ళో పైకప్పు కారితే ఆ ఏజెంటునే తిడతారు.

ఇదేమీ తెలియని అమ్మ, "చావింట్లో కూర్చున్నట్టు ఇలా ఉన్నారేమిటి అందరూ?" అంది. తర్వాత బోర్డు చూసింది. "వాళ్ళకన్నీ సున్నాలేనే. అంటే వాళ్ళకి ఒక్క..."

నేను చటుక్కున అమ్మ నోరు మూశాను. కింద మిసెస్ స్టాడ్లర్ తల తిప్పి చూసి, మళ్ళీ అటు తిరిగింది.

"ఆ మాట అనకూడదు," అన్నాను.

"ఏ మాట?"

"అదే."

"ఏదే?"

"తర్వాత చెబుతా, ఊరుకో అమ్మా."

ఏడు గడిచింది, ఎనిమిది గడిచింది. ఆ నిశ్శబ్దం ఎలాంటిదో చెప్పడం నా వల్ల కాదు. యూనియన్ మీటింగులో కుర్చీలు విసురుకునే మనుషులు, చర్చి రంగు తెల్లగానా పచ్చగానా అని ఏడాదిపాటు పోట్లాడుకున్న మనుషులు, మూడు వేలమందీ ఒకే మాట నాలుక కింద దాచుకుని కూర్చున్నారు. పక్కవాడితో వానల గురించి మాట్లాడుతున్నారు, దోమల గురించి మాట్లాడుతున్నారు. చంటిపిల్లలు కూడా ఏడవలేదు. చర్చిలో కంటే ఆ మధ్యాహ్నం అక్కడే నాకు ఎక్కువ భక్తి కలిగింది, ఎవరేమనుకున్నా సరే.

తొమ్మిదో ఇన్నింగ్స్. ఇద్దరు అవుటయ్యారు. ఇంకొక్కడు అవుటైతే సరి. క్రెంజ్ చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. పాడైన భుజం ఒకసారి తిప్పుకుని, బంతి చేతిలో పట్టుకుని వంగి చూస్తున్నాడు. జెండా తాడు కొయ్యకి తగిలే చప్పుడు కూడా వినపడుతోంది.

"ఒక్క హిట్టూ ఇవ్వలేదు వీడు."

ఎవరన్నారో ఒక్క క్షణం నాకు తెలియలేదు. అంత స్పష్టంగా, అంత మామూలుగా ఉంది. ఎప్పుడూ మా బెంచీల మీద వినపడే గొంతే. అమ్మ నా మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగేలా.

"మాట్లాడాడు," అంది. "డెల్లా, మాట్లాడాడు."

తలలన్నీ మా వైపు తిరిగాయి. మైదానం మధ్యలో క్రెంజ్ తల కూడా ఒక్కసారి ఇటు తిరిగింది. తర్వాత బంతి వేశాడు. బ్యాటర్ కొట్టాడు. బంతి రెండో బేస్ దగ్గరి కుర్రవాడి చేతికి జానెడు పైనుంచి వెళ్ళి పచ్చికలో పడింది. హిట్.

ఒక్కరూ అరవలేదు. మూడు వేలమంది ఒక్కసారి ఊపిరి వదిలిన చప్పుడు మాత్రం వచ్చింది. క్రెంజ్ నడుం మీద చేతులు పెట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. నాన్నకి అప్పుడు అర్థమైంది తనేం చేశాడో. ఈ నియమం నాకు నేర్పిందే ఆయన. అరచెయ్యి నోటికి అడ్డంగా పెట్టుకుని గట్టిగా అదిమిపట్టాడు. ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఆ చెయ్యి ఇక ఎప్పటికీ తియ్యడేమో అనిపించింది నాకు.

మిసెస్ స్టాడ్లర్ లేచింది. గంట మోగకుండా లోపలి నాలుక వేళ్ళతో పట్టుకుని, మోకాళ్ళ నొప్పులతో ఒక్కో మెట్టూ ఎక్కి మా వరసకి వచ్చింది. జనం దారిచ్చారు.

"ఏమన్నావురా ఎల్వుడ్?"

నాన్న తల అడ్డంగా ఊపాడు. అమ్మ సంచీ అడ్డం పెట్టుకుని లేచింది. "ఆయన జోలికి రాకండి," అంది.

"కూర్చో హెస్టర్. నీ మొగుడితో నాకు పనుంది." మిసెస్ స్టాడ్లర్ వంగి, నాన్న చెయ్యి నోటి మీంచి తనే తీసింది. తీసిన చెయ్యి వదల్లేదు. "శీతాకాలం నుంచీ ఈ నోటి కోసం కాచుక్కూర్చున్నాంరా మేం. ఆ పాడుమాటకే తెరుచుకుంది, తెరుచుకోనీ. మళ్ళీ మూశావంటే మాత్రం ఊరుకోను. చెప్పు. ఏమన్నావు?"

నాన్న పెదవులు కదిపాడు. "హిట్టు... ఇవ్వలేదు."

"అది ఇందాకటి సంగతి. ఇప్పుడు?"

నాన్న మైదానం వైపు చూశాడు. మొదటి బేస్ మీద నిలబడ్డ బ్యాటర్‌ని చూశాడు. చాలాసేపు పట్టింది.

"ఇచ్చాడు," అన్నాడు. "ఒకటి... ఇచ్చాడు."

మిసెస్ స్టాడ్లర్ గంట పైకెత్తి మోగించింది. మా వరస లేచి నిలబడింది. ఆ పై వరస, కింది వరస, తర్వాత ఎదురు స్టాండు. అక్కడివాళ్ళకి ఏం జరిగిందో తెలియకపోయినా లేచారు. చప్పట్లు, ఈలలు, కాళ్ళతో పలకలు దద్దరిల్లేలా తొక్కడం. తనకేననుకున్నాడో ఏమో, హిట్ కొట్టిన ఆ పై ఊరి బ్యాటర్ పాపం టోపీ తీసి వంగాడు. అమ్మ అలాగే కూర్చుని నాన్న మోకాలు పట్టుకుని ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు.

తర్వాతివాడు రెండు బంతులకే క్యాచ్ ఇచ్చాడు, ఆట మేం గెలిచాం. అందరూ లోపలికి పోతుంటే క్రెంజ్ మాత్రం నేరుగా మా కంచె దగ్గరకి నడిచొచ్చాడు. తొడుగు చంకలో ఇరికించుకున్నాడు.

"నా కొంప మునిగితే అంత చప్పట్లేమిటి?" అని అడిగాడు. "ఎవరన్నారది?"

మూడో బేస్ వెనక బెంచీలవాళ్ళమంతా ఒక్కసారిగా పనిలో పడ్డాం. ఒకాయన బూటు లేసు కట్టుకున్నాడు, ఒకావిడ నది వైపు చూసింది, మిసెస్ స్టాడ్లర్ తన గంటని ఎప్పుడూ చూడనట్టు తిప్పి చూసుకుంది. నాన్న అమ్మ భుజం ఆసరాగా లేచాడు.

"నేను," అన్నాడు.

క్రెంజ్ తల పైకెత్తి చూశాడు. వేసవంతా విన్న గొంతు, గుర్తుపట్టకుండా ఎలా ఉంటాడు. టోపీ తీసి, తడి జుట్టు వెనక్కి తోసుకున్నాడు. కోపంగా ఉన్నాడో లేదో చెప్పడం కష్టం.

"మీరా? మీకొచ్చింది ఒక్కటే మాట కదండీ," అన్నాడు. "మంగళవారం అని ఊరుకోలేకపోయారా?"

నాన్న నోరు తెరిచాడు. మాట రాలేదు. వెతుక్కుంటున్నాడు. అమ్మ పెదవులు కదిలాయి, నేను చెయ్యి నొక్కితే ఆపేసింది. మేమెవరం అందివ్వలేదు. బెంచీల మీద మళ్ళీ ఇందాకటి నిశ్శబ్దమే, క్రెంజ్ కూడా అందులోనే నిలబడ్డాడు.

"ఇవాళ," అన్నాడు నాన్న, ఆగి ఊపిరి తీసుకుని, "శనివారం."